గడికీ గడికీ మధ్య: ‘వాచ్‌మెన్’ కామిక్‌నీ సినిమానీ పక్కపక్కన పెట్టి చూస్తే

పుస్తకాన్ని సినిమాగా తీస్తే మన దగ్గర వినిపించే తీర్పులు రెండే. ఒకటి, “పుస్తకమంత లేదు.” రెండోది, “ఉన్నది ఉన్నట్టు దించేశాడు.” ఇది ఇవాళ్టి సంగతేమీ కాదు. యద్దనపూడి ‘మీనా’ నవల చదివి, 1973లో అదే పేరుతో వచ్చిన సినిమాకి వెళ్లినవాళ్లు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. అడిగి చూడండి, వాళ్లూ ఈ రెండు మాటల్లో ఒకటి చెప్తారు.

పైకి ఎదురెదురుగా కనిపించినా, ఈ రెండు తీర్పుల వెనక ఉన్న కొలబద్ద ఒకటే. అసలులోది నకలులోకి ఎంత వచ్చిందన్నదే లెక్క. ఎక్కువ వస్తే మంచి సినిమా, తక్కువైతే చెడ్డ సినిమా. ఈ కొలబద్ద సరిపోదని నా వాదన. ఊరికే అనడం కాదు, ఒక ఉదాహరణ తీసుకుని చూపిస్తాను. ఆ ఉదాహరణ ‘వాచ్‌మెన్’. ఎందుకంటే సూపర్ హీరో సినిమాల్లో అసలుని అంత పట్టుదలగా దించడానికి ప్రయత్నించినవి చాలా తక్కువ. అంత దించాక కూడా ఏదో జారిపోయిందని ఫ్యాన్స్‌లో సగం మంది అంటూనే ఉన్నారు. మిగతా సగం ఆ మాట ఒప్పుకోరు. మరి జారిపోయింది ఏమిటి?

(స్పాయిలర్ హెచ్చరిక: చివరిదాకా కథ మొత్తం చెప్పేస్తున్నాను. చదవాలని ఉన్నవాళ్లు ముందు కామిక్ చదివి రండి. వ్యాసం ఎక్కడికీ పోదు.)

ముందు కథ, క్లుప్తంగా

‘వాచ్‌మెన్’ 1986, 1987 సంవత్సరాల్లో 12 సంచికలుగా వచ్చింది. రాసింది ఆలన్ మూర్, గీసింది డేవ్ గిబ్బన్స్, రంగులు వేసింది జాన్ హిగ్గిన్స్. ప్రచురించింది డీసీ. సినిమా 2009 మార్చిలో వచ్చింది, దర్శకుడు జాక్ స్నైడర్.

కథాకాలం 1985. అయితే అది మనకి తెలిసిన 1985 కాదు. అందులో అమెరికా వియత్నాంలో గెలిచింది, నిక్సన్ ఇంకా అధ్యక్షుడిగానే ఉన్నాడు. ముసుగులేసుకుని తిరిగే హీరోల్ని 1977లోనే చట్టం నిషేధించింది. ఒక రాత్రి కమెడియన్ అనే మాజీ హీరోని ఎవరో అతని ఫ్లాట్ కిటికీలోంచి కిందికి విసిరేస్తారు. రోర్షాక్ అనే ఇంకో ముసుగు మనిషి, చట్టాన్ని లెక్కచేయకుండా, ఆ హత్య వెనక ఎవరున్నారో తవ్వడం మొదలుపెడతాడు. వీళ్లందరిలో నిజంగా అతీత శక్తులున్నవాడు ఒక్కడే. నీలం రంగు డాక్టర్ మన్‌హాటన్. మిగతావాళ్లు వయసు మీదపడుతున్న మామూలు మనుషులు.

తవ్వగా తవ్వగా తేలేదేమిటంటే, దీని వెనకున్నది ఓజిమాండియస్. ప్రపంచంలోకెల్లా తెలివైనవాడని పేరున్న పాత సహచరుడే. అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచున ఉన్నాయి. దాన్ని ఆపడానికి అతను ఒక భయంకరమైన అబద్ధాన్ని తయారుచేస్తాడు. ఒక పెద్ద కృత్రిమ జీవిని, చూడటానికి స్క్విడ్ లాంటిదాన్ని, న్యూయార్క్ నడిబొడ్డులో ప్రత్యక్షమయ్యేలా చేసి నగరంలో సగం మందిని చంపేస్తాడు. గ్రహాంతరవాసులు దండెత్తారని నమ్మి శత్రుదేశాలు రెండూ చేతులు కలుపుతాయి. ఆపడానికి హీరోలు అక్కడికి చేరేసరికే అంతా అయిపోయి ఉంటుంది. ఇక మిగిలేది ఒకటే ప్రశ్న: నిజం బయటపెట్టాలా, శాంతి కోసం నోరు మూసుకోవాలా?

గడియారం ఎవరి చేతిలో ఉంది

పోల్చే ముందు, కామిక్ అసలు ఎలా పనిచేస్తుందో చూడాలి. స్కాట్ మెక్‌క్లౌడ్ అనే కార్టూనిస్టు 1993లో కామిక్స్ గురించి కామిక్ రూపంలోనే ఒక పుస్తకం రాశాడు. అందులో ముఖ్యమైన ఆలోచన, కామిక్‌లో సగం పని గడికీ గడికీ మధ్య ఉన్న ఖాళీ సందులో జరుగుతుందని. ఒక గడిలో గొడ్డలి ఎత్తుతారు, తర్వాతి గడిలో అరుపు వినిపిస్తుంది. దెబ్బ వేసింది ఎవరు? పాఠకుడే, ఆ సందులో.

‘వాచ్‌మెన్’ ఈ లక్షణాన్ని గట్టిగా వాడుకుంటుంది. పేజీకి తొమ్మిది గడులు, మూడు వరసలు, వరసకి మూడు. పుస్తకంలో ఎక్కువ భాగం ఈ కొలతే. పేజీ తెరవగానే తొమ్మిది క్షణాలూ ఒకేసారి కనిపిస్తాయి. కావాలంటే ఒక గడి దగ్గర పది నిమిషాలు కూర్చోవచ్చు, లేదా ఇరవై పేజీలు వెనక్కి వెళ్లి రావచ్చు.

ఒక ఉదాహరణ. మొదటి సంచిక మొదటి పేజీలోనే, పేవ్‌మెంట్ మీద నెత్తురు కడుగుతున్నచోట, అంతం దగ్గరపడిందని రాసున్న బోర్డు పట్టుకుని ఒక పిచ్చివాడిలాంటి మనిషి నడిచి వెళ్తాడు. మనం పట్టించుకోం. తర్వాత కూడా అక్కడా ఇక్కడా కనిపిస్తూనే ఉంటాడు. అయిదో సంచిక చివర పోలీసులు రోర్షాక్ ముసుగు లాగేస్తే, కింద ఉన్నది ఆ మొహమే! అప్పుడు మనం చేసే పని ఏమిటి? మళ్లీ మొదటి పేజీకి పరుగెత్తడం. అక్కడ ఉన్నాడు, మొదట్నుంచీ మన కళ్లముందే ఉన్నాడు. రోడ్డు మీద మనం చూసీ చూడనట్టు వదిలేసే మనుషుల గురించి ఈ కథ ఏదో అంటోందని అక్కడ మొదటిసారి అనిపిస్తుంది. ఈ మాట ఇంకాసేపు గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

సినిమాలోనూ ఆ బోర్డు మనిషి ఉన్నాడు. కానీ థియేటర్లో సెకనుకి 24 ఫ్రేములు వాటంతటవే పరుగెడతాయి. అక్కడ గడియారం ప్రేక్షకుడి చేతిలో ఉండదు. “ఓటీటీలో వెనక్కి జరుపుకోవచ్చుగా” అంటారేమో. జరుపుకోవచ్చు. కానీ అలా జరిపితే సినిమా ఆగిపోతుంది. కామిక్‌లో మాత్రం వెనక్కి తిప్పడం కూడా చదవడంలో భాగమే.

ఈ అయిదో సంచికలోనే ఇంకో విశేషం ఉంది. మొదటి పేజీ కూర్పు చివరి పేజీకి అద్దంలో ప్రతిబింబంలా ఉంటుంది, రెండోది చివరి నుంచి రెండోదానికి, అలా మధ్యలో రెండు పేజీలు ఎదురెదురుగా కలుసుకునేదాకా. ఎడమా కుడీ ఒకేలా ఉండే రోర్షాక్ ముసుగు మీది సిరా మరక, ఏకంగా సంచిక మొత్తానికీ ఆకారమైపోయింది. దీన్ని సినిమాలోకి ఎలా తెస్తారు? సినిమాకి మధ్య పేజీ ఉండదు కదా. అంటే కొన్నిటిని కాపీ చేయడం కష్టం, కొన్నిటిని కాపీ చేయడమే కుదరదు. ఈ తేడా తెలియకుండా “అది తీయలేదు, ఇది తీయలేదు” అనడం సి ప్లస్ ప్లస్‌లో రాసిన ప్రోగ్రాంని లైను లైనుకీ పైథాన్‌లోకి మార్చలేదని తిట్టడం లాంటిది.

స్నైడర్ ఏం దించాడు, ఏం కనిపెట్టాడు

టెర్రీ గిలియమ్ కొన్నాళ్లు ఈ సినిమా తీసే ప్రయత్నం చేసి, రెండు రెండున్నర గంటల్లో ఇమిడేది కాదని వదిలేశాడు. స్నైడర్ మాత్రం కామిక్‌నే దాదాపు స్టోరీబోర్డులా పెట్టుకుని దిగాడు. థియేటర్లలో ఆడింది 162 నిమిషాలు. తర్వాత 186 నిమిషాల డైరెక్టర్స్ కట్ వచ్చింది. కామిక్‌లో ఒక కుర్రాడు చదివే సముద్రదొంగల కథని కూడా యానిమేషన్‌గా కలిపి, 215 నిమిషాల అల్టిమేట్ కట్ కూడా వచ్చింది. ఒక్కొక్కటీ పెరిగేకొద్దీ కామిక్‌కి దగ్గరవుతుందని కదా లెక్క?

ఆ సముద్రదొంగల కథనే తీసుకుందాం. కామిక్‌లో, పేపర్లమ్మే స్టాండ్ దగ్గర పెద్దాయన యుద్ధం గురించి గొణుగుతుంటాడు. పక్కనే కుర్రాడు కామిక్ చదువుతుంటాడు. పెద్దాయన మాటా, దొంగల కథలోని వాక్యమూ ఒకే గడిలో పక్కపక్కన పడతాయి. ఒకదాని మీద ఇంకోటి వ్యాఖ్యానంలా మోగుతాయి. అల్టిమేట్ కట్‌లో ఆ కథ మొత్తం ఉంది కానీ, కాసేపు ఇది, కాసేపు అది అన్నట్టు వంతులవారీగా వస్తుంది. వస్తువు వచ్చింది, అది చేసే పని రాలేదు.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ. సినిమాలో దాదాపు అందరూ మెచ్చుకునేది టైటిల్స్ నడిచే భాగం. బాబ్ డిలాన్ 1964 నాటి పాట వెనక వస్తుంటే, 1940ల ముసుగు హీరోలు ఫొటోలకి నిలబడ్డట్టు దాదాపు కదలని దృశ్యాల్లో వస్తారు. వాళ్ల వెలుగు, పతనం, కెనెడీ హత్య, చంద్రుడి మీద మనిషి, చివరికి జనం తిరగబడటం, అన్నీ ఆరు నిమిషాల లోపే. ఇది కామిక్‌లో ఈ రూపంలో ఎక్కడా లేదు! కామిక్ ఈ చరిత్రని సంచికల చివర్లో ఆత్మకథ అధ్యాయాలూ, పత్రికా వ్యాసాలూ, ఫైళ్లూ పెట్టి వచనంలో చెప్పింది. స్నైడర్ ఆ వచనాన్ని తెరమీదికి ఎక్కించలేదు. ఆ వచనం చేసిన పనిని సినిమా భాషలో చేశాడు.

ఇంకో ఉదాహరణ నాలుగో సంచిక. డాక్టర్ మన్‌హాటన్‌కి గతం, వర్తమానం, భవిష్యత్తు అన్నీ ఒకేసారి జరుగుతుంటాయి. అంగారకుడి మీద కూర్చుని 1959 నాటి ఒక పాత ఫొటో పట్టుకుని ఉంటాడు. కాసేపట్లో దాన్ని వదిలేస్తాడని అతనికి తెలుసు. అప్పటికే అది ఇసకలో పడి ఉందనీ తెలుసు. కామిక్ పేజీకి ఇది సహజంగా అబ్బే విద్య, అన్ని కాలాలూ ఒకే పేజీ మీద పరుచుకుని ఉంటాయి కదా. సినిమాకి ఆ సౌకర్యం లేదు. అందుకని ఎడిటింగ్, బిల్లీ క్రుడప్ నిర్లిప్తమైన గొంతు, ఫిలిప్ గ్లాస్ సంగీతం కలిపి, కాలం నుంచి కాలానికి కుదుపు లేకుండా జారే ఒక ధార తయారుచేశారు. కామిక్ వీరాభిమానులు కూడా ఇక్కడ సినిమాకి మార్కులు వేస్తారు. నేనూ వేస్తాను.

మరి గడికి గడి దించినచోట ఏమైంది?

దెబ్బల లెక్క

కామిక్‌లో కమెడియన్ హత్య ఎలా కనిపిస్తుందంటే, ఇద్దరు డిటెక్టివులు ఆ ఫ్లాట్‌లో నిలబడి మామూలుగా మాట్లాడుకుంటుంటారు. మధ్యమధ్యలో ఎర్ర రంగు గడులు వచ్చి ఆ రాత్రి ముక్కల్ని చూపిస్తాయి. ఒక దెబ్బ, ఒక మాట, ఒక దెబ్బ. మనిషి చావు అప్పటికే కేసు ఫైలు అయిపోయిందన్న చల్లదనం అందులో ఉంది. సినిమాలో అదే ఘటన ఒక పెద్ద ఫైటు. గోడలు పగులుతాయి, బల్లలు విరుగుతాయి, అద్దం పగిలేది స్లో మోషన్‌లో చూస్తాం.

సందులో నైట్ ఔల్, సిల్క్ స్పెక్టర్ల మీదికి రౌడీ గుంపు వచ్చే సన్నివేశం కూడా అంతే. కామిక్‌లో కొట్లాట అయ్యాక వాళ్లిద్దరూ చెమటలు కక్కుతూ, ఊపిరందక గోడకి ఆనుకుంటారు. రిటైరైన మనుషులు పాత ఉద్యోగం ఒక్కసారి చేసి చూసుకున్నట్టుంటుంది. సినిమాలో ఎముకలు చర్మం చీల్చుకుని బయటికొస్తాయి, మెడలు విరుగుతాయి. చూస్తున్నంతసేపూ వీళ్లు అలసిపోతారని మనకి అనిపించదు.

దీన్ని సమర్థించేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. వాళ్లు అనేది ఇది: “కామిక్ ఎగతాళి చేసింది అప్పటి సూపర్ హీరో కామిక్స్‌ని. సినిమా ఎగతాళి చేయాల్సింది సూపర్ హీరో సినిమాల్ని. అందుకే ఆ స్లో మోషన్, ఆ కండల సూట్లు.” బాగుంది. కానీ ఎగతాళికీ ఎంజాయ్ చేయడానికీ మధ్య గీత సన్నం. ఆ సందు ఫైటుకి విజిల్ వేయాలనిపించిందంటే సినిమా ఆ గీత దాటేసినట్టే. నాకు వేయాలనిపించింది. అది బాగా తీసిన ఫైటు. బాగా తీయడమే అక్కడి ఇబ్బంది.

ఈ లెక్క ఇక్కడితో అయిపోలేదు. సినిమాలో అతి పెద్ద హింస ఏదో దాని దగ్గరికి వెళ్దాం.

స్క్విడ్ గొడవ

ఫ్యాన్స్ అందరికంటే ఎక్కువ కొట్టుకున్నది ముగింపు మీద. స్నైడర్ స్క్విడ్‌ని తీసేశాడు. దాని బదులు, ఓజిమాండియస్ డాక్టర్ మన్‌హాటన్ శక్తిలాంటి శక్తినే తయారుచేసి ప్రపంచంలోని పలు మహానగరాల్లో పేల్చేస్తాడు. నింద మన్‌హాటన్ మీద పడుతుంది. ఒక దేవుడు కోపగించాడని భయపడి దేశాలు ఒక్కటవుతాయి.

మార్పుని సమర్థించేవాళ్లు చెప్పేది పొదుపు గురించి. స్క్విడ్‌ని నమ్మించాలంటే మాయమైన కళాకారులు, రచయితలు, రహస్య ద్వీపం, అతీంద్రియ శక్తులున్న మనిషి మెదడు, ఇవన్నీ ముందే నాటాలి. కామిక్ సంచికల తరబడి నాటింది. సినిమాకి అంత చోటు లేదు. మన్‌హాటన్ కథలో ఎలాగూ ఉన్నాడు. అతని వల్ల జనానికి క్యాన్సర్ వస్తోందన్న నింద ముందే ఉంది. ఉన్న భాగాలతోనే యంత్రం పూర్తయింది. ఇంజనీరింగ్ బుర్రకి ఇది ముచ్చటగా అనిపిస్తుంది, నిజమే.

వ్యతిరేకించేవాళ్లు రాజకీయం దగ్గర పట్టుకుంటారు. మన్‌హాటన్ అమెరికా ఆయుధంగా ప్రపంచానికి తెలిసినవాడు. అమెరికా ఆయుధం అదుపు తప్పి మాస్కోని కాల్చేస్తే, సోవియట్ నాయకులు అమెరికాని కౌగిలించుకుంటారా, క్షిపణి మీట నొక్కుతారా? స్క్విడ్ ఏ దేశానిదీ కాదు, అందుకే అది పనిచేస్తుంది. ఇంకోటి, స్క్విడ్ హాస్యాస్పదంగా ఉందనే మాట నిజమే, ఉండాలి కూడా. పాత చవక కామిక్స్‌లోంచి ఊడిపడ్డట్టున్న ఒక బొమ్మ ప్రపంచాన్ని కాపాడిందన్నదే అక్కడి చేదు జోకు.

నేను ఎటువైపు? ఈ గొడవలో రెండు పక్షాలూ తప్పు చోట వెతుకుతున్నాయని నా అభిప్రాయం. చంపింది స్క్విడ్డా, నీలి వెలుగా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, చచ్చిపోయింది ఎవరు?

ఆ వీధి మూల

ఇప్పుడు మళ్లీ ఆ పేపర్ స్టాండ్ దగ్గరికి రండి. కామిక్‌లో మనం సంచిక తర్వాత సంచిక ఆ మూల నిలబడ్డాం. పేపర్లమ్మే పెద్దాయన. డబ్బులివ్వకుండా కామిక్ చదివేసే కుర్రాడు. ట్యాక్సీ నడిపే జోయీ, ఆమె స్నేహితురాలు. జైల్లో రోర్షాక్‌కి చికిత్స చేయబోయి తనే చీకట్లో మునిగిపోతున్న డాక్టర్ మాల్కం లాంగ్. విసిగిపోయి అతన్ని వదిలి వెళ్లిపోయిన భార్య. హత్య కేసు చూసిన డిటెక్టివులు. వీళ్లెవరూ హీరోలు కారు. కథకి వీళ్లతో పనేంటో చాలాసేపు అర్థం కాదు కూడా. బోర్డు మనిషిని పట్టించుకోనట్టే వీళ్లనీ పట్టించుకోం.

పదకొండో సంచిక చివర్లో వీళ్లంతా ఒకే సాయంత్రం ఆ మూలకి చేరతారు. జోయీ తన స్నేహితురాలిని రోడ్డు మీదే కొట్టడం మొదలుపెడుతుంది. డాక్టర్ లాంగ్ అటు కదలబోతే, ఇందులో తలదూర్చకు, దూర్చితే ఇక నేను తిరిగి రానని భార్య అంటుంది. అతను వెళ్తాడు. సాటి మనిషి బాధపడుతుంటే చూస్తూ ఊరుకోలేనన్న ఒక్క కారణంతో, సంసారాన్ని పణంగా పెట్టి వెళ్తాడు. డిటెక్టివులూ కారు ఆపి దిగుతారు. స్టాండ్ దగ్గర పెద్దాయనకీ కుర్రాడికీ ఇన్నాళ్లకి తెలుస్తుంది, ఇద్దరి పేరూ బెర్నార్డే అని. అప్పుడు తెల్లటి వెలుగు. పెద్దాయన కుర్రాణ్ణి పొదివి పట్టుకుంటాడు. రెండు ఆకారాలూ ఒకటై, ఆ తెలుపులో కరిగిపోతాయి.

ముసుగు హీరోలు ఆలస్యంగా చేరి విఫలమైన ఆ గంటలో, ముసుగు లేని మనుషులు సమయానికే కదిలారు. వాళ్లు కాపాడాలనుకున్నది ప్రపంచాన్ని కాదు, ఎదురుగా దెబ్బలు తింటున్న ఒక్క మనిషిని. వాళ్లనే ఓజిమాండియస్ చంపాడు.

ఆ తర్వాత పన్నెండో సంచిక తెరిస్తే, అంతకాలం తొమ్మిది చిన్న గడులకి అలవాటుపడ్డ మన కంటికి వరసగా ఆరు నిండు పేజీ బొమ్మలు. మాటల్లేవు, శవాలే. ఆ శవాల మధ్య అదే పేపర్ స్టాండ్ మూల. అన్ని సంచికలు గడుల మధ్య బిగబట్టి ఉంచింది ఈ ఆరు పేజీల్లో ఒక్కసారిగా వదలడానికే అనిపిస్తుంది.

సినిమాలో? థియేటర్లలో ఆడిన వెర్షన్‌లో ఈ మూల మనుషులు రెప్పపాటు కనిపించి పోతారు. డాక్టర్ లాంగ్ కథ జైలు గదిలోనే ఆగిపోతుంది. పేలుడు తర్వాత మనం చూసేది ఒక పెద్ద గొయ్యి, విరిగిన భవనాలు. శవాలు దాదాపు కనిపించవు. సందులో రౌడీ మోచేయి విరిగితే ఎముక చూపించిన కెమెరా, లక్షల మంది చనిపోయినచోట తల తిప్పుకుంది. చూపించనక్కర్లేనిది దగ్గరగా చూపించి, చూపించాల్సిందాన్ని శుభ్రంగా తుడిచేసింది.

ఇదీ నా ఫిర్యాదు. దీనికీ స్క్విడ్‌కీ సంబంధం లేదు. మూల మనుషుల్ని ఉంచి నీలి వెలుగుతో చంపినా కథ నిలబడేది. మూల మనుషులు లేకుండా స్క్విడ్‌ని గడికి గడి దించినా ఇదే నష్టం. ఎందుకంటే కథ చివర అడిగే ప్రశ్న, “కోట్ల మందిని కాపాడటానికి లక్షల మందిని చంపడం సబబేనా?” అన్నది. లక్షలు అన్నది అంకెగానే ఉంటే ఆ లెక్క తేలిక, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయడమే. ఆ లక్షల్లో ఇద్దరి పేరు బెర్నార్డ్ అని తెలిశాక ఆ తీసివేత చేయడానికి చెయ్యి రాదు. చెయ్యి రాకుండా చేయడమే కామిక్ చేసిన పని.

చివర్లో ఇంకో చిన్న మార్పు కూడా ఇటువైపే ఉంది. నిజం దాచనని మొండికేసిన రోర్షాక్‌ని మన్‌హాటన్ మంచులో చంపేస్తాడు. కామిక్‌లో ఆ చావుని ఇంకెవరూ చూడరు. మిగిలిన ఇద్దరు హీరోలూ అప్పటికే రాజీపడి పక్కకి వెళ్లిపోయి ఉంటారు. సినిమాలో నైట్ ఔల్ చూస్తాడు, గుండెలు పగిలేలా అరుస్తాడు, వెళ్లి ఓజిమాండియస్‌ని కొడతాడు. మన తరఫున ఎవరో కోపగించుకున్నారు కాబట్టి మనకి కాస్త ఊరట. కామిక్ ఆ ఊరట ఇవ్వదు.

మూర్ వద్దన్నాడు కదా?

కొందరు ఈ చర్చంతా అనవసరం అంటారు. ఆలన్ మూర్ సినిమాలో తన పేరే వద్దన్నాడు, తెరమీద గిబ్బన్స్ పేరు మాత్రమే ఉంది, రచయితే కాదన్నాక ఇంకేం మాట్లాడతాం అని. మూర్‌కి ప్రచురణకర్తలతో హక్కుల విషయంలో ఉన్న తగాదా పాతది, ఆయన బాధకి కారణాలున్నాయి. కానీ రచయిత ఒప్పుకోవడం వేరు, సినిమా పనిచేయడం వేరు. గిబ్బన్స్ సినిమాకి సహకరించాడు. అంతమాత్రాన సినిమా గొప్పదైపోదు, మూర్ కాదన్నంతమాత్రాన చెడ్డదీ అయిపోదు.

2019లో డేమన్ లిండెలాఫ్ తీసిన తొమ్మిది ఎపిసోడ్ల ‘వాచ్‌మెన్’ సిరీస్‌నీ మూర్ తనది అనుకోలేదు. అందులో కామిక్‌లోని ఒక్క సంచికనీ దించలేదు. కామిక్ ముగిసిన ముప్పై ఏళ్ల తర్వాత, 1921లో టల్సాలో నల్లజాతివాళ్ల మీద జరిగిన మారణకాండ నుంచి కథ ఎత్తుకున్నారు. మనిషి ముసుగు ఎందుకు వేసుకుంటాడు, న్యాయం ఎవరి చేతిలో ఉంది అన్న కామిక్ ప్రశ్నని తీసుకుని, కొత్త గాయం మీద పెట్టి అడిగారు. ఒక్క గడి కాపీ చేయకుండానే అసలుకి దగ్గరగా వెళ్లొచ్చనడానికి అది సాక్ష్యం.

పోల్చేటప్పుడు అడగాల్సినవి

ఇదంతా చదివి మీరు ‘వాచ్‌మెన్’ విషయంలో నాతో ఏకీభవించకపోయినా ఫర్వాలేదు. ఇంకో కామిక్, ఇంకో నవల, ఇంకో సినిమా పోల్చేటప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వాడి చూడండి.

ఒకటి. ఈ సన్నివేశం అసలులో ఏ పని చేస్తోంది? “ఉందా, లేదా” అన్నది దీని తర్వాతే.

రెండు. ఆ పని ఆ మాధ్యమానికే సాధ్యమైనదా? అయితే సినిమాలో దానికి బదులు ఏం దొరికింది? టైటిల్స్ భాగంలా దొరికితే మెచ్చుకోండి.

మూడు. మారిన సన్నివేశం చూశాక మన జాలి ఎటు వెళ్లింది? అసలులో ఎవరి మీదికి వెళ్లింది?

నాలుగు. తీసేసిన పాత్రలు ఎవరు? సినిమా నిడివి తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందుగా పోయేది కథకి అవసరం లేనట్టు కనిపించే చిన్నవాళ్లే. వాళ్లు నిజంగా అవసరం లేనివాళ్లేనా?

ఇంకో మాట. “ముందు పుస్తకం చదివినవాడే అసలైన ఫ్యాన్” అనే దబాయింపు మన క్లబ్బులోనూ వినిపిస్తుంటుంది. సినిమా చూసి కామిక్‌కి వచ్చినవాళ్లని చిన్నచూపు చూడకండి. 162 నిమిషాల సినిమా ఎవర్నైనా 12 సంచికల పుస్తకం దగ్గరికి నడిపించిందంటే, ఆ సినిమా ఒక మంచి పని చేసినట్టే. వాళ్లకి చేయాల్సిన సాయం పుస్తకం చేతికివ్వడం, అంతే.

ఈ గొడవ సూపర్ హీరోల దగ్గరే ఆగేదైతే ఇంత పొడుగు రాసేవాణ్ణి కాదు. ఓజిమాండియస్ రాక్షసుడేమీ కాదు. లక్ష్యం మంచిది, లెక్క సరిగ్గా ఉంది, పని అనుకున్నట్టే అయింది. అతను చేసిందల్లా కొందర్ని ఖర్చు పద్దు కింద రాసుకోవడం. మనం రేపు ఏదో ఒక ఆనకట్టకో, రోడ్డుకో, సాఫ్ట్‌వేర్‌కో ఖర్చూ లాభం పట్టిక వేసే ఉద్యోగాల్లో కూర్చుంటాం. ఆ పట్టికలో “నష్టపోయేవారి సంఖ్య” అని ఒక గడి ఉంటుంది. అంకె వేసేముందు, ఆ గడిలో ఉన్న ఎవరిదైనా పేరు ఒకటి కనుక్కుని వేయండి.